పాలు లీటరు, అన్నం నాలుగు ముద్దలు: టానిక్కు సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష

డాక్టర్ సలహా – పిల్లల ఆరోగ్యం

ప్రశ్న: మాది అనంతపురం. ఆరేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగాలకు వెళతాం. పాపకు 3 ఏళ్ల 8 నెలలు. బరువు 12.5 కిలోలు, ఆరు నెలలుగా ముల్లు కదల్లేదు. పొద్దున స్కూలు వ్యాను వచ్చేలోపు ఒక ఇడ్లీ తినిపించాలంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఫోను పెడితేగానీ నోరు తెరవదు. మధ్యాహ్నం అన్నం నాలుగు ముద్దలు. పాలు మాత్రం అడిగినప్పుడల్లా సీసాలో తాగుతుంది, రోజుకు లీటరు దాకా. ప్రతిదానికీ చిరాకు, ఏడుపు. రాత్రి నిద్రలో కాళ్లు కొట్టుకుంటుంది. ఈమధ్య గోడ సున్నం గీకి తింటోంది, బలపాలు కొరుకుతోంది. క్యాల్షియం తక్కువై అలా చేస్తోందని మా అత్తగారు అంటున్నారు. మెడికల్ షాపులో ఆకలి టానిక్కు ఇస్తే ఇరవై రోజులు బాగా తింది, ఆపగానే మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో సీసా వాడొచ్చా? నేను కడుపుతో ఉన్నప్పటి ఐరన్ మాత్రలు మిగిలాయి, సగం చేసి తేనెలో ఇవ్వనా? దోసెపిండిలో గుడ్డు కలపొచ్చా? పాపమీద అరవడం, తర్వాత ఆఫీసు క్యాబ్‌లో నేను ఏడవడం, రోజూ ఇదే అయిపోయింది.
– ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: మీరు అడిగినవి మూడు. నాకు ఆందోళన కలిగించినవి మాత్రం మీరు మామూలుగా రాసేసిన రెండు మాటలు: లీటరు పాలు, గోడ సున్నం. ఈ రెండూ ఒకే పిల్లలో కనిపిస్తే మొండితనం, గారాబం అనే మాటలు పక్కనబెట్టి ముందు ఒంట్లో ఇనుము తగ్గిందేమో చూడాలి. పాపను చూడకుండా ఇదే జబ్బు అని చెప్పలేను. కానీ అనుమానం గట్టిగానే ఉంది. బరువు ఆరు నెలలుగా నిలిచిపోవడం కూడా అందుకు తోడైంది. ఈ వయసులో ఆరు నెలలకు కిలో వరకు పెరగాలి. 12.5 కిలోలంటే చార్టులో ప్రమాద రేఖకు పైనే ఉన్నట్టు, కాకపోతే అంచుకు దగ్గర్లో. టీకాల పుస్తకంలో గ్రోత్ చార్టు ఉంటుంది, పాత బరువులన్నీ అందులో గుర్తించి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. ఈ వారంలోనే వెళ్లండి. జలుబు చేసినప్పుడు ఎలాగూ వెళతాం, అప్పుడు అడుగుదాంలే అనుకోకండి.

పాలు మంచివే, ఎవరూ కాదనరు. కానీ లీటరు పాలలో ఉండే ఇనుము అర మిల్లీగ్రాము కూడా కష్టమే. మూడేళ్ల పిల్లకు తిండి ద్వారా రోజుకు 8 మిల్లీగ్రాముల దాకా అందాలి. పైగా పాలలోని క్యాల్షియం, కేసిన్ అనే మాంసకృత్తు పప్పూ ఆకుకూరల్లోని ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వవు. లీటరు టోన్డ్ పాలంటే దాదాపు 600 క్యాలరీలు. ఆ వయసు పిల్లకు రోజుకు కావలసినదాంట్లో సగానికి పైన అక్కడే అయిపోయింది. ఇక అన్నానికి కడుపులో చోటెక్కడ? మీరు పెట్టిన ఆ నాలుగు ముద్దలే ఆమె ఆకలికి సరిపోతున్నాయి. ఇనుము తగ్గితే ఆకలి తగ్గుతుంది, ఆకలి లేక పాలే అడుగుతుంది, పాలతో ఇనుము ఇంకా తగ్గుతుంది. చిరాకు, ఊరికే ఏడవడం, నిద్రలో కాళ్లు కొట్టుకోవడం కూడా ఇనుము తగ్గిన పిల్లల్లో తరచూ కనిపించేవే. అన్నిటికీ అదే కారణమని అనలేం గానీ, పరీక్ష చేయకుండా పిల్ల స్వభావమే అంత అని తేల్చేయకూడదు.

సున్నం తినడం క్యాల్షియం తక్కువై కాదు. మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి: లీటరు పాలు తాగే పిల్లకు క్యాల్షియం కావలసినదానికంటే ఎక్కువే అందుతోంది. మట్టి, సున్నం, బలపం, ఐసు ముక్కలు నమలాలనిపించడం ఇనుము లోపంలో బాగా తెలిసిన లక్షణం. ఇనుము అందడం మొదలైన కొద్ది వారాల్లోనే చాలామంది పిల్లలు దాన్ని తమంతట తామే మానేస్తారు. కొడితే మానరు, మీరు చూడకుండా తింటారు. గోడతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంటి రంగుల్లో సీసం (లెడ్ అనే విషలోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు రంగు వేసిన గోడ అయితే పెచ్చుల్లో సీసం ఉండొచ్చు. ఇనుము తక్కువున్న పిల్లల పేగులు సీసాన్ని మామూలు కంటే ఎక్కువగా పీల్చుకుంటాయి. మీ ఇల్లు పాతదైతే రక్తంలో సీసం పరీక్ష కూడా అవసరమా అని డాక్టరును అడగండి. పెచ్చులూడిన చోట మంచమో అల్మారానో అడ్డం పెట్టండి, గది పొడిగా ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. కళ్లకు సుర్మా, పేరులేని కాటుక పెడుతుంటే అవీ మానేయండి.

రక్తపరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, సీఆర్‌పీ చాలు, పెద్ద ప్యాకేజీలు అక్కర్లేదు. ఈ వయసు పిల్లలకు హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత అంటాం. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము, అది 12 కంటే తక్కువుంటే నిల్వలు ఖాళీ అయినట్టే. జ్వరం, దగ్గు ఉన్న రోజుల్లో ఫెరిటిన్ పైకి వెళ్లి బాగానే ఉన్నట్టు మభ్యపెడుతుంది. అందుకే ఒంట్లో ఇన్ఫెక్షన్ లాంటిదేమైనా ఉందేమో చెప్పే సీఆర్‌పీ కూడా చేయిస్తాం. సీబీసీలో ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) తక్కువుండి ఆర్‌డీడబ్ల్యూ (ఆ సైజుల్లో తేడా) ఎక్కువుంటే ఇనుము లోపంవైపు చూపిస్తుంది. ఎంసీవీ బాగా తక్కువగా ఉన్నా ఎర్రకణాల సంఖ్య ఎక్కువుంటే తలసేమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు) జన్యువు ఒకటి ఉందేమోనని ఆలోచించాలి. మేనరికం పెళ్లి అయితే ఆ మాట డాక్టరుకు చెప్పండి, దాచకండి. ఖర్చు సమస్య అయితే ఇందిరా గాంధీ శిశు ఆరోగ్య సంస్థ, వాణీవిలాస్ ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు.

ఇక టానిక్కు. ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోవద్దు. షాపుల్లో ఆకలికని ఇచ్చే సీసాల్లో ఎక్కువగా ఉండేది సైప్రోహెప్టడిన్. అది అలర్జీ మందు. ఆకలి వేయడం దాని దుష్ప్రభావాల్లో ఒకటి, దాన్నే ఉపయోగంగా అమ్ముతున్నారు. వాడినన్నాళ్లు తింటారు, మత్తుగా ఉంటారు, కొందరు పిల్లలు చిరాకు పడతారు. ఆపగానే ఆకలి మళ్లీ పాతచోటికే వస్తుంది. మీ పాపకు సరిగ్గా అదే జరిగింది. కొన్ని ప్రత్యేకమైన పరిస్థితుల్లో మేమూ ఆ మందు రాస్తాం, కానీ కారణం తెలుసుకున్నాక. నాకు దాని దుష్ప్రభావాల కంటే ఎక్కువ భయం అది దాచిపెట్టేదాని గురించే. పిల్ల తింటోంది కదా అని ఇంట్లో అందరూ కుదుటపడతారు, రక్తపరీక్ష ఇంకో మూడు నెలలు వెనక్కి పోతుంది. ఈలోగా తినేది ఏమిటి? అవే పాలు, బిస్కట్లు. సీసా మీద ఏముందో చదవకుండా, పిల్లను చూడని మనిషి ఇస్తే ఇరవై రోజులు పోయడం తప్పమ్మా. ఇంకో సీసా కొనకండి. వాడిన సీసాను మాత్రం పారేయకుండా డాక్టరుకు చూపించండి.

మీ ఐరన్ మాత్రలు అసలే వద్దు. పాపకు నాలుగేళ్లు వస్తున్నాయంటే ఆ మాత్రల గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. అది అటుంచితే, గర్భిణుల మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 100 ఉండొచ్చు. సగం చేసినంత మాత్రాన పిల్లల మోతాదు అయిపోదు. చికిత్సకు మేం సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల అసలు ఇనుము (ఎలిమెంటల్ ఐరన్) లెక్కన మొదలుపెడతాం. మీ పాపకు అది సుమారు 37 మిల్లీగ్రాములు. సిరప్పుల్లో 5 మిల్లీలీటర్లకు 30 ఉన్నవి ఉన్నాయి, 50 ఉన్నవి ఉన్నాయి. డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 10 ఉండొచ్చు. ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే మోతాదు బాగా తప్పిపోతుంది. ఈ అంకెలు మీరు ఇంట్లో లెక్కవేసి మొదలుపెట్టడానికి కాదు, చీటీలో సీసా పేరు, మిల్లీలీటర్లు రెండూ స్పష్టంగా రాయించుకోవడానికి.

ఆ స్ట్రిప్పు ఇంట్లో ఎక్కడుందో ముందు చూడండి. రంగు పూతతో మెరిసే ఆ మాత్రలు పిల్లలకు జెమ్స్ బిళ్లల్లాగే కనిపిస్తాయి. కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే ఇనుము విషమవడం మొదలవుతుంది. 100 మిల్లీగ్రాముల మాత్రలైతే మీ పాపకు మూడు చాలు. సున్నం నోట్లో పెట్టుకునే పిల్ల మాత్రలు పెట్టుకోదా? ఎప్పుడైనా మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించకండి, స్ట్రిప్పు చేతబట్టుకుని వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. మొదట వాంతులు, విరేచనాలై, తర్వాత కొన్ని గంటలు బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. అది చూసి ఇంటికి తీసుకొచ్చేయడమే అన్నిటికంటే ప్రమాదం.

ఇనుము లోపమే అని తేలి డాక్టరు సిరప్పు రాస్తే, రోజుకు ఒక్కసారి, పాలకూ పెరుగుకూ కనీసం రెండు గంటల ఎడంగా ఇవ్వండి. ముందో వెనకో రెండు చెంచాల నిమ్మరసం నీళ్లు పట్టండి. సిరంజితో నాలుక వెనకభాగంలో పోసి నీళ్లు తాగిస్తే పళ్లు నల్లబడవు. మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగాలి. పెరగలేదంటే మందు పాలతో కలిపి ఇస్తున్నారో, రోజు విడిచి రోజు మరిచిపోతున్నారో, లేదా రోగనిర్ధారణే తప్పో చూడాలి. తలసేమియా కోసం హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించేది కూడా వీలైతే ఇనుము సర్దుకున్నాకే, లేకపోతే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. హిమోగ్లోబిన్ 11 దాటిందని సీసా పక్కన పడేయకండి. నిల్వలు నిండాలంటే ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలు వాడాలి. చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. నట్టల మందు ఆరు నెలల్లో వేయకపోయి ఉంటే అదీ అడగండి.

పాలు ఒక్కసారిగా ఆపేస్తే యుద్ధమే. రోజుకు 400 మిల్లీలీటర్లకు తేవాలి, ఎట్టి పరిస్థితిలోనూ అరలీటరు ప్యాకెట్టు దాటకూడదు. పెరుగన్నంలో పెరుగు కూడా అందులోకే వస్తుంది. మూడు రోజులకొకసారి 100 మిల్లీలీటర్లు తగ్గించుకుంటూ రండి. ముందు పోవాల్సింది నిద్రలో తాగే సీసా, పళ్లు పుచ్చేది దానివల్లే. తర్వాత సీసా నుంచి గ్లాసుకు మార్చండి. సీసాలో లీటరు తాగే పిల్ల గ్లాసులో అంత తాగదు. పాలు తిండి తర్వాతే, ముందు కాదు. పాలలో కలిపే చాక్లెట్ పొడులు ఆకలిని ఇంకా చంపుతాయి. ఇంటి పెద్దవాళ్లతో ఈ విషయం ముందే మాట్లాడుకోండి, మీరు ఆఫీసుకు వెళ్లాక వాళ్లు సీసా నింపితే లెక్కంతా తప్పుతుంది.

తిండి విషయంలో మీ కొలత మార్చుకోవాలి. ఏడాది వయసుకు ఒక పెద్ద చెంచా చొప్పున, అంటే అన్నం మూడు నాలుగు చెంచాలు, పప్పు అంతే, కూర అంతే. అది తింటే తిన్నట్టే. మధ్యలో రెండున్నర, మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ వద్దు. అరగంట కాగానే కంచం తీసేయండి, తిట్టకుండా, బతిమాలకుండా. ఫోను చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిందో లేదో తెలియదు. తోటకూర పప్పు దించాక నిమ్మరసం పిండండి, పొయ్యి మీద పిండితే సి విటమిన్ పోతుంది. మాంసం తినే ఇల్లయితే కోడి కార్జం బాగా ఉడికించి వారానికి ఒక్కసారి, రెండు చిన్న ముక్కలు. అంతకు మించితే ఎ విటమిన్ ఎక్కువవుతుంది. మధ్యాహ్నం పప్పు, కూర, చివర జామపండు ముక్క పెట్టి, పెరుగన్నం రాత్రికి మార్చండి. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందనేది రంగును చూసి పుట్టిన మాటే. ఖర్జూరాలతోనూ పెద్దగా ఒరిగేదేమీ లేదు. రాగి జావ క్యాల్షియానికి బాగుంటుంది, ఇనుముకు దాన్నే నమ్ముకోవద్దు. తిండితో లోపం రాకుండా చూడొచ్చు, వచ్చిన లోపాన్ని పూడ్చడం మాత్రం ఒక్క తిండివల్ల కాదు.

పాప బాగా పాలిపోయి ఆయాసపడుతున్నా, కాళ్లు వాచినా, మందు మొదలుపెట్టకముందే మలం నల్లగా వస్తున్నా, ఒంటిమీద కమిలిన మచ్చలు, తగ్గని జ్వరం, మెడలో గడ్డలు, రాత్రిళ్లు ఎముకల నొప్పి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మాటలు ఎలా వస్తున్నాయో మీరు రాయలేదు. నాలుగైదు రకాల తిండి తప్ప ఇంకేదీ ముట్టకపోవడం, పిలిస్తే పలకకపోవడం ఉంటే అదీ డాక్టరుతో చెప్పండి.

మీ గురించి చివరి వాక్యంలో రాసి వదిలేశారు. పొద్దున మీరేం తింటున్నారు? పాప వదిలేసిన ఇడ్లీయేనా? మీరూ హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించుకోండి, మీకు హిమోగ్లోబిన్ 12కు తగ్గకూడదు. రెండు వారాలుగా ఎక్కువ రోజులు దిగులుగా ఉంటోందా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవడం లేదా? ఒక్కదానికైనా అవును అనిపిస్తే అది ఓపిక తక్కువై కాదు, డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సహాయం టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పొద్దుటి తినిపించే పని వారంలో మూడు రోజులు పాప నాన్నకు అప్పగించండి. ఆయనకు చేతకాదని మీరు మధ్యలో వెళ్లకండి.

దోసెపిండిలో గుడ్డు కలపొచ్చు. పిండి మొత్తానికి కాకుండా, అప్పటికప్పుడు ఒక గరిటె పిండిలో కలిపి, సన్నమంట మీద రెండు వైపులా కాల్చండి.