టోన్ ఆర్మ్‌కి మెత్తటి వైరే వెయ్యి, అల్లుడూ

అల్లుడూ,

బావ దుబాయి నుంచి తెచ్చిన ఆ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 మార్క్ 2 రికార్డు ప్లేయర్‌లో ఎడమ పక్క పాట వస్తూ పోతూ ఉందని, టోన్ ఆర్మ్ (ముల్లును మోసే గొట్టం) వైర్లన్నీ మార్చేస్తానని, వెండి వైరు తెప్పించాలా రాగిది చాలా అని అడిగావు కదా. ముందు హెడ్‌షెల్ (ఆర్మ్ కొసన ముల్లు బిగించే ముక్క) విప్పి, వెనక ఉన్న నాలుగు పిన్నులూ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడువు. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. తర్వాత మల్టీమీటర్ పెట్టి, హెడ్‌షెల్ తగిలించే సాకెట్ నుంచి కింద ప్లగ్గు దాకా ఒక్కో వైరూ కొలువు, కొలుస్తూ ఆర్మ్‌ని అటూ ఇటూ మెల్లగా కదిలించు. రీడింగ్ ఎగిరిపడుతుంటే అప్పుడు మార్చాల్సిందే.

మార్చేటట్టయితే వెండా, రాగా అన్నది ఆఖరి సంగతి. వెండి రాగి కంటే కరెంటును ఐదారు శాతం మాత్రమే బాగా మోస్తుంది. 36 గేజ్ (వైరు మందం కొలత, నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం) రాగి వైరు అర మీటరుకు ముప్పావు ఓము కూడా రాదు. నువ్వు బిగించిన ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను కరెంటుగా మార్చే డబ్బీ) లోపలి కాయిలే 1,300 ఓములు, అవతల యాంప్లిఫయర్‌లో ప్లేయర్ తగిలించే ఫోనో ఇన్‌పుట్ 47 వేల ఓములు, ఇంత లెక్కలో ఆ కొంచెం తేడా ఏ చెవికి వినిపిస్తుంది చెప్పు? వెండి మీద పెట్టే పైసలతో రెండు మంచి రికార్డులు కొనుక్కో.

అసలు చూడాల్సింది మెత్తదనం. ఆ ఆర్మ్ బేరింగ్‌లో రాపిడి 7 మిల్లీగ్రాముల లోపే అని కంపెనీ లెక్క, ముల్లు రికార్డు మీద మోపే బరువేమో గ్రామున్నర, రెండు గ్రాములు. అంత తేలికగా తిరిగే దాన్ని, వైరు ఆర్మ్‌లోంచి బయటికి వచ్చే చోట బిరుసుగా ఉండి స్ప్రింగులా వెనక్కి గుంజుతూ ఉంటే, ముల్లు గాడిలో ఒక గోడకే ఒరుసుకుంటూ పోతుంది, లోపలి పాటల దగ్గరికి వచ్చేసరికి గొంతు గరగరలాడుతుంది, రికార్డు కూడా అరుగుతుంది. అందుకే పైన టెఫ్లాన్ తొడుగున్న వైరు ఎంత ఖరీదైనదైనా నేను వద్దంటాను. మామూలు ప్లాస్టిక్ తొడుగు మన ఓరుగల్లు ఎండలకు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, సోల్డరింగ్ వేడికి వెనక్కి ముడుచుకుంటుంది. వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు చాలా కలిపి పేనిన లిట్జ్ రాగి వైరు తీసుకో, 33 నుంచి 36 ఏడబ్ల్యూజీ (అమెరికా గేజ్) మధ్యలో. జానెడు ముక్క వేలి మీద వేసి చూడు. తన బరువుకే రెండు పక్కలా వాలిపోవాలి. చుట్టలా తిరిగి నిలబడితే అది మనకు పనికిరాదు.

హన్మకొండ చౌరస్తా పక్క మోటరు వైండింగ్ షాపుల్లో సన్న వైరు దొరుకుతుంది కదా అని పోకు. అది ఒంటి తీగ, ఎక్కడ వంగితే అక్కడే ఆగిపోతుంది, వంగీ వంగీ తెగుతుంది. పైగా వాళ్ళు చెప్పే గేజ్ ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజ్), అందులో 36 అంటే 0.19 మిల్లీమీటర్లు, ఏడబ్ల్యూజీలో 36 అంటే 0.13కి కొంచెం తక్కువ. పాత ఇయర్‌ఫోన్ వైరు కోసి వేసుకోమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. దాంట్లో రాగి పోగులతో దారం కలిసి ఉంటుంది, సోల్డర్ పట్టించేసరికి విసుగు పుడుతుంది.

లిట్జ్‌లో ప్రతి పోగుకీ విడిగా పూత ఉంటుంది. అది సోల్డరింగ్ వేడికే కరిగే రకమా, గీకాలా అని కొనేటప్పుడే అడుగు. గీకే రకమైతే వదిలెయ్, గీకేటప్పుడు సగం పోగులు తెగుతాయి. రంగులు కూడా నాలుగూ వేరువేరుగా ఉండాలి: తెలుపు ఎడమ, నీలం ఎడమ గ్రౌండ్, ఎరుపు కుడి, ఆకుపచ్చ కుడి గ్రౌండ్. ఒక్కోటి మీటరు తెప్పించు, చివరలు ఒకటి రెండుసార్లు పాడైనా టెన్షన్ ఉండదు.

పాత వైరు ముందే పీకెయ్యకు. ఆ ఆర్మ్ ఎస్ ఆకారంలో వంగి ఉంటుంది కాబట్టి పాతదాని కొసకు గట్టి దారం కట్టి మెల్లగా గుంజు, ఆ దారంతోనే కొత్తది లోపలికి తెచ్చుకో. కింద చిన్న బోర్డు మీద ఏ రంగు ఎక్కడుందో ముందు ఫోటో తీసుకో. హెడ్‌షెల్, కార్ట్రిడ్జ్ తీసి దూరంగా పెట్టాకే సోల్డరింగ్ గన్ పట్టు, పైలం.

అంతా అయ్యాక ప్లేయర్ మట్టంగా పెట్టి, యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి జరగకుండా బయటికి లాగే సర్దుబాటు) సున్నా చేసి, వెనక బరువు తిప్పి ఆర్మ్ గాల్లో తేలేటట్టు చెయ్యి. రికార్డు మధ్యలో ఎక్కడ వదిలితే అక్కడే నిలబడాలి. ఒక పక్కకే జరుగుతుంటే బేరింగ్ కింద వైరుకి వదిలిన వంపు చాలలేదని అర్థం, ఇంకో రెండు సెంటీమీటర్లు వదిలి మళ్ళీ చూడు. అప్పటికీ ఆగకపోతే వీడియో తీసి పంపు, చూసి చెప్తా.

మీ మామ