దర్వాజ కోసం ఐదు లక్షల అప్పు చేయాలా?

ప్రశ్న: వరంగల్ మట్టెవాడలో మా తాత కట్టిన పెంకుటిల్లు ఉంది. సీసీ రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో మా గడప రోడ్డుకు అడుగు కిందికి పోయింది. 2023 జులై వానలకు నీళ్లు అర్రల్లోకి వచ్చాయి. చౌకట్టు అడుగున చెదలు పట్టాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ముందు భాగమంతా కొత్తగా చేయడానికి మేస్త్రి 5,20,000 అడుగుతున్నాడు: అరుగు ఎత్తు, మెట్లు, నీళ్ల దారికి 1,45,000, చెక్కుడు పనితో కొత్త టేకు దర్వాజకు 1,60,000, గ్రానైట్, ఆర్చి, లైట్లకు 2,15,000. నా జీతం 58,000, ఇంటి ఖర్చు 40,000. ఖాతాలో 3 లక్షలున్నాయి. పాప బీటెక్ కోసం 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. పర్సనల్ లోన్ తీసుకోనా, మా ఆవిడ బంగారం కుదువ పెట్టనా? ఇల్లు ఇంకా తాత పేరు మీదే ఉంది. బాబాయి, ఇద్దరు మేనత్తలు ఉన్నారు.

జవాబు: రెండూ వద్దు. నీళ్లు ఆపే పని, అమ్మ జారిపడకుండా చేసే పని ఈ వానాకాలం లోపే చేయించండి. దానికి మీ దగ్గరున్న డబ్బు సరిపోతుంది. మిగతాది ఆగుతుంది.

5 లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 11,600. మొత్తం కట్టేది 7 లక్షలకు దగ్గర. అంటే ఆ చెక్కుడు దర్వాజ ధర కన్నా ఎక్కువే వడ్డీకి పోతుంది. బంగారం మీద వడ్డీ తక్కువే. కానీ ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ ఒకేసారి కట్టాల్సిన పద్ధతిలో తీసుకుంటే, సరిగ్గా పాప ఫీజు కట్టే రోజుల్లోనే ఆ టెన్షన్ మీద పడుతుంది. ఇంటి మరమ్మతుల లోన్ సంగతి అడగక్కర్లేదు. కాగితాలు తాత పేరున ఉండగా, వారసులంతా సంతకం పెట్టకుండా బ్యాంకు ఇవ్వదు. వడ్డీ మీద పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. సొంతంగా ఉండే ఇంటి మరమ్మతు అప్పుకు ఏడాదికి 30,000 వరకే, అదీ పాత పన్ను విధానంలోనే, అదీ ఇంటి యజమానికే.

ఇక పని. గడప ఎత్తు పెంచితే చౌకట్టూ పైకి జరగాలి, కాబట్టి వడ్రంగి పని మేస్త్రి పనితో కలిపే జరగాలి. పాత టేకు ఊరికే పారేసేది కాదు. చెదలు తిన్నది అడుగు భాగమే అయితే అంతవరకు కోసి, కొత్త చెక్క అతికించి, కింద రాతి దిమ్మ పెడితే తడి పైకి ఎక్కదు. దీనికి 35,000 అనుకుందాం. అరుగు పని కలిపితే 1,80,000. దాని మీద ఇంకో 20 శాతం పక్కన పెట్టండి: మొత్తం 2,16,000.

ఆ 20 శాతం ఎందుకో నాకు బాగా తెలుసు. పరకాలలో మా ఇంటి చౌకట్టు తీసిన రోజు, పైనున్న మట్టిగోడకు ఊత పెట్టకుండానే మేస్త్రి గడ్డపార వేశాడు. రెండు మూరల గోడ జారి వాకిట్లో పడింది. అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. 40 వేల పని 70 వేలు దాటింది. మీరు ముందే ఇనుప ఊతలు పెట్టించండి. పాత డంగు సున్నం గోడకు సిమెంటు పూత వేయిస్తామంటే ఒప్పుకోకండి, తడి లోపలే ఉండిపోతుంది. గడప ఎత్తయ్యాక లోపలికి దిగే మెట్లు ఒక్కోటి 6 అంగుళాలకు మించకుండా, పాదం నిండా ఆనేంత వెడల్పుగా, పక్కన పట్టుకోవడానికి కమ్మీతో కట్టించండి. ర్యాంపు అయితే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి, మీ వాకిట్లో అంత చోటుంటే అదే మేలు. లోపలి వాననీళ్లు బయటికి పోయే పైపుకు, మోరీ నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వ్ పెట్టించండి.

మేస్త్రికి మొత్తం అడ్వాన్స్ ఇవ్వొద్దు. కూలి వేరు, సామాను వేరు రాయించుకుని, పని అయినంత వరకే ఇస్తూ పోండి. బిల్లులు దాచండి, రేపు ఇల్లు అమ్మితే, ఇందులో మామూలు మరమ్మతు కాకుండా ఇంటిని మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చును లాభం లెక్కలో తీసేసుకోవచ్చు.

ఖాతాలో 84,000 మిగులుతుంది, రెండు నెలల ఇంటి ఖర్చు. అది నాకు తక్కువనిపిస్తుంది. అందుకే ఈఎంఐగా కట్టబోయిన 11,600ను నెలనెలా ఆర్‌డీలో వేయండి. వడ్డీ కాకుండానే ఏడాదికి 1,39,200 జమవుతుంది. అప్పుడూ గ్రానైట్ కావాలనిపిస్తే మాట్లాడుకుందాం. పాప ఎఫ్‌డీని మాత్రం ముట్టుకోవద్దు.

ఒక్కటి మాత్రం పని మొదలు కాకముందే జరగాలి. ఇల్లు మీ నాన్నగారిది ఒక్కరిదే కాదు. ఇంటి పన్ను మీరే కడుతున్నా ఇల్లు మీ పేరున అయిపోదు. ఎంత ఖర్చు, ఎవరు పెడుతున్నారు, రేపు పంపకాల్లో దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఒక కాగితం మీద రాసి బాబాయి, మేనత్తల సంతకాలు తీసుకోండి. అది వాటాల కాగితం కాదు, ఖర్చుకు సాక్ష్యం. వాటాలు తేల్చుకోవాలంటే లాయరును కలిసి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కాగితం ఫోన్‌లో పంపకండి, మేనత్తలను ఇంటికి పిలవండి. పెళ్లయిన నాడు వాళ్లు ఆ దర్వాజలోంచే అత్తగారింటికి పోయారు కదా. పాతదాన్ని ఉంచుదామా, మార్చుదామా అని సంతకాలకు ముందు వాళ్లను ఒక మాట అడగండి.