ఫెర్రిక్‌లో ముంచే ముందు

పాపా,

సర్క్యూట్ బోర్డు ఇంట్లోనే చేసుకుంటానన్నావని మీ నాయన చెప్పినాడు. చేసుకో. కానీ బోర్డు బాగుపడేదైనా, పాడయ్యేదైనా ఫెర్రిక్ క్లోరైడ్ (బోర్డు మీది రాగి రేకులో గీతలు కాని చోటంతా కరిగించే మందు) డబ్బా మూత తీయకముందే.

సర్క్యూట్ గీతల బొమ్మను కాగితం మీద లేజర్ ప్రింటర్‌లోనే తీయించు, దాన్ని ఇస్త్రీపెట్టెతో రాగి మీదికి ఎక్కించాలి. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి రాగిని పట్టుకుంటుంది. ఇంక్‌జెట్ రంగుకు ఆ గుణం లేదు. జిరాక్స్ షాపులో టోనర్ ఆదా మోడ్ పెట్టి ఉంటారు, తీసేయమని గట్టిగా చెప్పు. బొమ్మ తిరగేయాలా వద్దా అని తికమకపడితే బొమ్మలో రాగి వైపు ఒక అక్షరం పెట్టి చూడు. కాగితం మీద అది తిరగబడి కనిపిస్తేనే రాగి మీద సరిగ్గా పడుతుంది.

రాగిని స్టీల్ పీచుతో తోమి నీళ్లు పోసి చూడు. నీళ్లు చుక్కలు కట్టకుండా పలచగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. ఆరాక అసిటోన్‌తో తుడిచి, ఇక అంచులే పట్టుకో. ఒక్క వేలిముద్ర పడినా అక్కడ గీత లేచిపోతుంది. కాగితాన్ని బొమ్మ వైపు రాగికి ఆనించి, ఇస్త్రీపెట్టె ఆవిరి లేకుండా కాటన్ వేడిలో పెట్టి, మూడు నాలుగు నిమిషాలు అదిమి పట్టు, బట్టల మీద తిప్పినట్టు రుద్దకు. చల్లారాక గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, కాగితాన్ని వేలితో మెల్లగా ఒలువు. తెగిన గీతలను పర్మనెంట్ మార్కర్‌తో దిద్దుకో.

ఫెర్రిక్‌కు ప్లాస్టిక్ ట్రే వాడు, అల్యూమినియం గిన్నెను అది తినేస్తుంది. ముద్దలను నీళ్లలో కొంచెం కొంచెంగా వెయ్యి, ముద్దల మీద నీళ్లు పోయకు, బాగా వేడెక్కుతుంది. ద్రావణం వెచ్చగా ఉంటే రాగి త్వరగా కరుగుతుంది, అనంతపురం ఎండలో మిద్దె మీద పెడితే వేరే వేడి అక్కర్లేదు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. కింద పాత ప్లాస్టిక్ షీటు పరుచు. మీ ఇంట్లో పరిచింది కడప బండ, అంటే సున్నపురాయే. దాని మీద ఒలికితే మరకతో పోదు, రాయి కూడా తినుకుపోతుంది. తర్వాత మీ అమ్మకు నువ్వే చెప్పుకోవాలి.

బాత్రూమ్ యాసిడ్‌లో పెరాక్సైడ్ కలిపితే ఇంకా స్పీడని ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, క్లోరిన్ కూడా వస్తుంది. ఇంట్లో ఆ జోలికి పోవద్దు.

వాడిన ఫెర్రిక్‌ను మోరీలో పోయకు, అందులో కరిగిన రాగి ఉంటుంది. ప్లాస్టిక్ సీసాలో దాచి మళ్లీ వాడుకో. పూర్తిగా నీరసించాక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అడిగి ఇచ్చెయ్యి.

పార్టుల కాళ్లు దూర్చే రంధ్రాలకు 0.8 మి.మీ. డ్రిల్ బిట్టు, లావు కాళ్ల డయోడ్లకు 1 మి.మీ. సన్నబిట్లు ఊరికే విరుగుతాయి, రెండు ఎక్కువే కొనుక్కో. గాజుపీచు బోర్డైతే దుమ్ము పీల్చకుండా మాస్క్ పెట్టుకో.

మీ చిన్నాయన,
కర్నూలు