చెనక్కాయ పెరుగు తోడుకోవడం లేదంటే...

ఆవు, గేదె పాలు మానేసి చెనక్కాయ (వేరుశనగ) పాలతో పెరుగు పెడితే పైన తెట్టు, కింద నీళ్లు అవుతోందని, కాల్షియం చాలదేమోనని మీ అమ్మగారు దిగులు పడుతున్నారని అన్నారు కదా. మీరు వడగట్టిన పాలను కాచకుండానే తోడు పెట్టి ఉంటారు. పచ్చిపాలు గడ్డకట్టవు, విడిపోతాయి. చాలామంది వదిలేసే పని ఇదొక్కటే.

1. కప్పు విత్తనాలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, రెండున్నర కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో పిండండి.

2. సన్నటి సెగ మీద పది నిమిషాలు కాచండి. గరిటె ఆపకూడదు, అడుగంటితే మాడు వాసన పెరుగంతా పడుతుంది. నురగ అణిగి, గరిటె వెనక పలుచని పూతలా అంటుకుంటే కాగినట్టు. పచ్చివాసన కూడా అప్పుడే పోతుంది.

3. వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి. తోడుగా ఏడెనిమిది పచ్చిమిరప తొడిమలు పాలలో మునిగేలా వేసి మూత పెట్టండి.

దూడకు దక్కాల్సిన పాలు వద్దనే కదా మానేశారు, కాబట్టి 'తోడుకు చెంచాడు ఆవు పెరుగు వేస్తే ఏమవుతుంది' అనే సలహా వినక్కర్లేదు. తొలి పెరుగు కాస్త పలుచగా, మిరప వాసనతో ఉంటుంది. తినకుండా దాన్నే రెండోసారి కాచిన చెనక్కాయ పాలకు తోడు వేయండి, గట్టిగా వస్తుంది. మన అనంతపురం ఎండల్లో అయిదారు గంటలు చాలు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టకపోతే పులిసిపోతుంది.

కాల్షియం గురించి మీ అమ్మగారి టెన్షన్‌కి రాగి సంగటి ఉంది, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు. విటమిన్ బీ12 మాత్రం ఈ పెరుగుతో రాదు. డాక్టర్‌ని అడిగి మాత్ర మొదలుపెట్టండి.