లెగో ముక్కలతో పెద్దవాళ్ళు సొంతంగా కట్టే బొమ్మల్లో అంత మెచ్చుకోవాల్సింది ఏముంది?

నలభై ఏళ్ళు దాటిన మనిషి పిల్లలాడుకునే లెగో ముక్కలతో ఒక బిల్డింగో, ఓడో తన సొంత ఆలోచనతో కట్టి ఫొటో పెడితే వేలమంది ఎగబడి మెచ్చుకుంటారెందుకు, డబ్బూ తీరికా ఉంటే ఎవరైనా కట్టొచ్చు కదా అని అడిగారు. ఈ ప్రశ్నకి జవాబు మా నాన్న చెప్పాలి నిజానికి. ఆయన తాపీ మేస్త్రి. తాడేపల్లిగూడెంలో నలభై ఏళ్ళు గోడలు కట్టాడు. పదహారో ఏట తట్ట మోయడానికి వెళ్ళి, ఇరవై రెండో ఏటికల్లా సొంతంగా తాపీ పట్టాడు. లెగో అనే మాట ఆయన అరవై దాటాక విన్నాడు.

మేం షికాగో దగ్గర ఉంటాం. కోవిడ్‌కి ముందు ఏడాది ఎండాకాలంలో అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. అమ్మకి మనవడితో రోజు గడిచిపోయేది గానీ నాన్నకి మూడో వారానికే కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా కొత్తగా కడుతున్న ఇళ్ళ దగ్గర ఆగి ఆ చెక్క ఫ్రేములు చూసి "ఇదేం ఇల్లమ్మా, అగ్గిపెట్టెలాగుంది, గోడేదీ?" అని బాధపడేవాడు. చెక్క కట్టేశాక దాని ముందు ఒక వరస ఇటుక అతికించి ఇటుకిల్లు అనిపించుకుంటారని తెలిసినరోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు, ఎవరో తనని మోసం చేసినట్టు.

ఇక్కడ షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఏటా జూన్‌లో బ్రిక్‌వరల్డ్ అని లెగో అభిమానుల ప్రదర్శన జరుగుతుంది. మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు, వాడి పోరు పడలేక టికెట్లు తీశాను. నాన్నని ఇంట్లో వదలడం ఇష్టంలేక వెంట తీసుకెళ్ళాను. పెద్ద హాలు, వరసగా టేబుళ్ళు, వాటి మీద కోటలు, రైళ్ళు, మనిషెత్తు మేడలు. ఒక మూల బంతుల యంత్రాలు ఉంటాయి, జీబీసీ అంటారు, గ్రేట్ బాల్ కాంట్రాప్షన్ అన్నమాట. ఎవరికి తోచిన యంత్రం వాళ్ళు ఇంటి దగ్గర తయారుచేసుకొచ్చి ఇక్కడ ఒకదానికొకటి కలుపుతారు. పక్కవాడు వదిలిన చిన్న బంతిని అందుకుని, ఎత్తి, తిప్పి, అవతలివాడికి అందించాలి. సగటున సెకనుకి ఒక బంతి, అంతే నియమం. మా వాడు అక్కడే అతుక్కుపోయాడు. నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని పెళ్ళి భోజనాల దగ్గర పరాయివాడిలాగ నడుస్తూ ఒకచోట ఆగాడు. ఆగినవాడు ముప్పావుగంట కదల్లేదు.

అది పెద్దదేం కాదు. పాతకాలపు షికాగో వీధి మూలనుండే మూడంతస్తుల షాపు, ఎత్తు నా మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంటుందేమో. ముదురు ఎరుపు ముక్కలు. కట్టినాయన పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, నాన్న వయసువాడే. నాన్న వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, కిటికీ పైన కమ్మీ దగ్గర చూస్తున్నాడు. అక్కడ ఇటుకలు పడుకోబెట్టి కాకుండా వరసగా నిలబెట్టి ఉన్నాయి. మన పాత మేడల్లో కిటికీల మీద, పాత రైల్వే స్టేషన్లలో కనిపిస్తుందే, ఆ నిలువు వరస. "సున్నం లేదు, సిమెంటు లేదు. నిలువురాయి జారిపోకుండా ఎలా నిలబెట్టాడో అడుగమ్మా" అన్నాడు నాన్న.

నేను అడిగాను. ఆ పెద్దాయన మాట చెప్పలేదు, పై అంతస్తు మూతలాగా ఎత్తి పక్కన పెట్టి, కిటికీ వెనక భాగం చూపించాడు. లెగో ముక్కకి బుడిపెలు పైనే ఉంటాయి కదా, అందుకని ముక్క మీద ముక్క పైకే పెరుగుతుంది. కానీ పక్కన కూడా ఒక బుడిపె ఉండే చిట్టి ముక్క ఒకటుంది, హెడ్‌లైట్ బ్రిక్ అంటారు, బొమ్మ కారుకి దీపాలు తగిలించే ముక్క. దానికి ఇటుకలు అడ్డంగా తగిలిస్తే అవి ముందు నుంచి నిలువుగా కనిపిస్తాయి. ఇలా పక్కకి కట్టడాన్ని ఈ అభిమానులు స్నాట్ అంటారు, స్టడ్స్ నాట్ ఆన్ టాప్ అన్నమాట. ఇక్కడొక లెక్క ఉంది. పల్చటి లెగో ముక్కని ప్లేటు అంటారు, దాని మందం 3.2 మిల్లీమీటర్లు. బుడిపెకీ బుడిపెకీ దూరం 8 మిల్లీమీటర్లు. అంటే ఐదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే 16, రెండు బుడిపెల వెడల్పూ 16. ఐదుకి రెండు. ఈ ఒక్క లెక్క దొరకబుచ్చుకుంటే పక్కకి తిప్పినవి, నిలబెట్టినవి వెంట్రుకవాసి సందు లేకుండా ఇముడుతాయి. ఆయన ఐదు ప్లేట్లు పేర్చి, పక్కన ఒక ముక్క పెట్టి చూపించాడు. నాన్న బొటనవేలి గోరు ఆ అతుకు మీద అటూ ఇటూ లాగి చూశాడు. ఎక్కడా తట్టలేదు. పని బాగున్నప్పుడు ఆయన మాట్లాడడు, నాలుక కొసతో చిన్న చప్పుడు చేస్తాడు, అంతే. ఆ చప్పుడు చేశాడు.

పైన చూరు దగ్గర తెల్లటి అలంకారం వరసగా ఉంది, మన మేడల పిట్టగోడకి సున్నపు పువ్వులు వేసినట్టు. ఈలోగా మా వాడు పరిగెత్తుకొచ్చి "తాతయ్యా, అవి స్కేట్లు!" అని అరిచాడు. నిజమే, లెగో బొమ్మ మనుషుల కాళ్ళకి తొడిగే చిన్న రోలర్ స్కేట్లు. తిరగేసి అతికించేసరికి చెక్కుడు పనిలాగుంది. నాన్న అప్పుడు నవ్వాడు చూడండి, అమెరికా వచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదలు.

మీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. ఈ ముక్కలు ఎవరూ మీకోసం అచ్చు పోయలేదు. కొయ్యడానికి లేదు, అరగదీయడానికి లేదు, జిగురు పెట్టకూడదు. ఉన్నదాంట్లోంచే మీకు కావాల్సింది కనిపించాలి. స్కేటులో చూరు పువ్వు కనబడాలి. కంపెనీవాళ్ళు కూడా 2021లో తెచ్చిన బోన్సాయ్ చెట్టు సెట్‌లో పూలకి బదులు గులాబీ రంగు కప్పలు పెట్టారు, దూరం నుంచి చూస్తే చెర్రీ పూలే. ఇలా చూసే అలవాటు అభిమానులకి ఎప్పటినుంచో ఉంది.

కట్టినాయనకి నాన్న ఒక తప్పు కూడా చెప్పాడు, చెప్పకపోతే ఆయన మా నాన్న కాదు. మూలలో రెండు గోడలు కలిసేచోట అతుకు మీద అతుకు వరసగా కిందిదాకా దిగింది. "మూల కట్టలేదు, రేపు విడిపోద్ది" అన్నాడు. నేను మొహమాటపడుతూనే చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు, లోపలి గదులు చూపించడానికి ముందుగోడ ఊడొచ్చేలా కావాలనే అలా వదిలానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. టేబుల్ కింద డబ్బాలో విడి ముక్కలుంటే ఆయన్ని సైగతో అడిగి తీసుకుని అక్కడే తొమ్మిదంగుళాల గోడ మూల కట్టడం మొదలుపెట్టాడు. నాలుగు బుడిపెల పొడవు, రెండు బుడిపెల వెడల్పున్న మామూలు లెగో ముక్క మన ఇటుక లెక్కలోనే ఉంటుంది, పొడవు వెడల్పుకి రెట్టింపు. మూడుకి రెండు ముక్క కూడా ఉంది. అది చేతికి తగలగానే నాన్న ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఎందుకంటే తొమ్మిదంగుళాల గోడ మూలకి ముప్పావు ఇటుక కావాలి, లేకపోతే అతుకు మీద అతుకు పడుతుంది. మామూలుగా ఆ ముప్పావు ముక్కని తాపీ అంచుతో కొట్టి తయారుచేసుకోవాలి, సగం ఇటుకలు అక్కడే పగిలిపోతాయి. ఇక్కడ అది రెడీగా ఉంది! ఆరు వరసలు కట్టి ఆయన చేతికిచ్చాడు. ఆ పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, అన్ని వైపుల నుంచీ ఫొటో తీసుకుని, ఇంటికెళ్ళి తన మేడ వెనక మూల ఇలా మారుస్తానన్నాడు. ఇద్దరికీ ఒక్క మాట ఉమ్మడి భాష లేదు.

ఇంజినీర్లకంటే మేస్త్రీలకే ఈ బొమ్మల విలువ తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. వడ్రంగులకీ, దర్జీలకీ, కంసాలి పని చేసేవాళ్ళకీ కూడా. చేత్తో పనిచేసిన మనిషి ముందు అతుకు ఎక్కడుందో చూస్తాడు. మిగతావాళ్ళు మొదట అడిగేది "ఎన్ని ముక్కలు పట్టాయి, ఎంతయింది" అని. ఈ ప్రశ్న నాకు మహా కోపం. మంచి చీర చూసి ఎన్ని పోగులు అని అడుగుతామా? డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊళ్ళో, కంపెనీ పుట్టిన చోటే, లెగో హౌస్ ఉంది. దాని మధ్యలో 63,16,611 ముక్కల చెట్టు, ఎత్తు 15 మీటర్ల పైచిలుకు. గొప్పదే, కాదనను. కానీ అదే భవనంలో పై అంతస్తులో అభిమానులు కట్టిన బొమ్మలకి ప్రత్యేకంగా ఒక గ్యాలరీ పెట్టారు. ఫొటోల్లో చూసినా నాకు కాళ్ళు ఆగేది అక్కడే.

ఆండ్రూ కారొల్ అని ఒక ఇంజినీర్ రెండువేల ఏళ్ళ నాటి గ్రీకు యాంటికిథెరా యంత్రం, గ్రహణాలు ఎప్పుడొస్తాయో చెప్పేది, దాన్ని లెగో పళ్ళచక్రాలతో పనిచేసేలా కట్టాడు. ముక్కలు వెయ్యిన్నర చిల్లర, అంతే! అండోరాలో డేవిడ్ అగిలార్ అనే కుర్రాడు కుడిచెయ్యి సరిగ్గా ఎదగకుండా పుట్టాడు, లెగో హెలికాప్టర్ సెట్ విప్పి తనకి తనే చెయ్యి కట్టుకున్నాడు. టొరంటోలో ఎకో నిమాకో ఒక్క నల్ల ముక్కలతోనే పడమటి ఆఫ్రికా పాత నగరాన్ని భవిష్యత్తులో ఊహించి కట్టాడు. ఒక్క రంగు! రంగు సాయం లేకుండా నీడతోనే అన్నీ చెప్పాలి. ఇవి చూసి కూడా పిల్లలాట అనేవాళ్ళకి నేనేం చెప్పలేను.

ఇంకో బాధ. ఈమధ్య ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ఏఐ చేసిన లెగో బొమ్మలు తెగ తిరుగుతున్నాయి. లెగోతో తిరుపతి గోపురం, లెగోతో చార్మినార్ అని. మా చుట్టాలే రోజుకొకటి పంపిస్తారు. పెద్దది చేసి చూడండి, బుడిపెలు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయి ఉంటాయి, ఒక్కోచోట గుడ్డులాగా, ఒక్కోచోట సగం. అది ఎవరూ కట్టింది కాదు, కట్టగలిగిందీ కాదు. లక్షల లైకులు దానికి, పక్కనే ఎవరో ఎనిమిది నెలలు కూర్చుని నిజంగా కట్టినదానికి నలభై. గోడ చూడకుండా రంగు చూసి ఇల్లు కొన్నట్టుంది. నాన్న కూడా ఇదే గొణుగుతాడు, ఇప్పుడు ఎవడూ అతుకు చూడడం లేదమ్మా, ఎలా కట్టినా పైన ప్లాస్టరింగ్ కప్పేస్తుందిలే అంటున్నారు అని. లెగోలో ప్లాస్టరింగ్ లేదు. తప్పు చేస్తే తప్పు కనిపిస్తుంది.

ఇండియాలో సెట్ల ధరలు మండిపోతాయి కాబట్టి తల్లిదండ్రులు ఒకసారి కట్టించి అద్దాల బీరువాలో పెట్టేస్తారు, పిల్లాడు విప్పితే తిడతారు. దయచేసి విప్పనివ్వండి. ఒకే రంగు నాలుగుకి రెండు ముక్కలు ఆరు ఉంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని లెక్క తేలింది. ఆరే ముక్కలండీ! 1958లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టినప్పటి ముక్క ఇవాళ్టి ముక్కకి టక్కున పడుతుంది, అరిగిపోతుందని భయం కూడా అక్కర్లేదు.

నాన్న వెళ్ళేటప్పుడు మందుల డబ్బాలో ఎరుపు ముక్కలు ఓ అరవై వేసుకెళ్ళాడు. ఇప్పుడు పనికి వెళ్ళడు గానీ, సాయంత్రం అరుగు మీద కూర్చుంటే కొత్తగా తాపీ పడుతున్న కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తారట, మూల ఎలా కట్టాలో వాటితోనే చూపిస్తున్నాడు. మొన్న ఫోన్‌లో ముప్పావువి చాలడం లేదమ్మా, పూర్తివి బోలెడున్నాయి, ముప్పావువే ఒక ఇరవై పంపమన్నాడు. షికాగో నుంచి తాడేపల్లిగూడెం వైపు ఈ నెలలో ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, చిన్న కవరే, బరువుండదు.