తోటలో వచ్చిన కలపతోనే కంచె గుంజలు, గేట్లు చేసుకోవచ్చా?

ఒత్తుగా ఉన్న చెట్లను పలచన చేసేటప్పుడు కొట్టినవీ, గాలికి పడ్డవీ కలిపి మీ ఎస్టేట్‌లో ఏటా కలప వస్తోందనీ, దాంతో పాతిన గుంజలు రెండేళ్లకే నేల దగ్గర కుళ్లుతున్నాయనీ, బయట కొనడమే నయమా అనీ అడిగారు. కొనక్కర్లేదు. ఏ కర్ర ఎక్కడ పెడుతున్నారో ముందు చూడండి.

దుంగ కోసిన మొహం మీద మధ్యలో ముదురు రంగు చేవ, చుట్టూ లేత రంగు తెల్లచెక్క కనిపిస్తాయి. మందు పట్టించని తెల్లచెక్క టేకుదైనా నేలలో నిలవదు. పలచనలో వచ్చే లేత మానుల్లో ఉండేది ఎక్కువగా అదే. అవి షెడ్డు లోపలి వాసాలకూ ఊతకర్రలకూ పనికొస్తాయి. పాతే గుంజకు ముదిరిన టేకు, తుమ్మలాంటి వాటి చేవే కావాలి. మామిడి చేవ కూడా మట్టిలో ఆగదు.

గుంజ తెగేది నేలమట్టం దగ్గరే, తడీ గాలీ రెండూ దొరికేది అక్కడే కాబట్టి. చుట్టూ కాంక్రీటు పోస్తే గట్టిదనం వస్తుందనుకుంటారు గానీ, కర్ర ఎండి ముడుచుకున్నాక ఆ సందులో నీళ్లు నిలుస్తాయి, గిన్నెలో నానబెట్టినట్టే. పొడవులో మూడోవంతు లోపలికి దించి, అడుగున గులకరాళ్లు పోసి, మట్టిని 15 సెం.మీ. చొప్పున వేస్తూ దిమ్మిస కొట్టండి. పై కొన ఏటవాలుగా కోయండి.

గేటు పలకల సంగతి వేరు, అక్కడ అంతా ఆరబెట్టడంలోనే ఉంది. చెట్టు కొట్టిన రోజే దుంగ రెండు కొనలకూ మైనమో చిక్కటి రంగో పూయాలి. వారం ఆగితే పగుళ్ల మీద పూసినట్టే. మరలో కోయించాక నేలకు మోకాలెత్తున దిమ్మెల మీద పేర్చి, వరసల మధ్య 25 మి.మీ. మందం ఎండు బద్దలు 45–60 సెం.మీ. ఎడంతో పెట్టండి. కింది బద్ద మీదికే పై బద్ద రావాలి. పక్కకు జరిగిందా, పలక అక్కడ వంగి అలాగే ఎండిపోతుంది, ఆ తర్వాత ఎంత చిత్రిక పట్టినా దండగే. పైన రేకు చాలు. టార్పాలిన్ చుట్టేస్తే బూజు ఖాయం.

అంగుళం మందానికి ఏడాది అన్నది చల్లటి చోట్ల మోటు లెక్క, వేడి గాలికి ఇంకా త్వరగా ఆరుతుంది. తూచి చూడటం మేలు. పలక మధ్య నుంచి ముక్క కోసి తూచి, 103 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 120 గ్రాములు 100కి దిగితే తడి 20 శాతం. అంతకు తగ్గితే బూజు ఎదగదు. బయట ఉండే గేటుకు 15–18 సరిపోతుంది.

ఎన్ని చెట్లు కొట్టాలన్నది వచ్చే రెండేళ్ల పనుల జాబితా చూసి తేల్చుకోండి. దుంగలో కలప ఎంతో వాడుకలో లెక్కేసేది చుట్టుకొలతలో నాలుగోవంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించి. 120 సెం.మీ. చుట్టుకొలత, 3 మీటర్ల పొడవున్న దుంగకు ఆ నాలుగోవంతు 30 సెం.మీ.; 0.3 × 0.3 × 3 అంటే 0.27 ఘనపు మీటర్లు. పొట్టూ అంచు చెక్కలూ పోను పలకలుగా దక్కేది దాదాపు సగం. తోట ఏటా పెరిగే కలప కంటే మీ కోత ఎప్పుడూ తక్కువే ఉండాలి.

తుమ్మ గేటుకు మామూలు ఇనుప మేకులు కొట్టకండి, కర్రలోని వగరుకు నల్ల మరకలు పడతాయి, మేకు కూడా తుప్పు పట్టి అరిగిపోతుంది. జింకు పూత ఉన్నవే వాడండి.