కెనడా వెళ్ళే ముందు ఒకసారి ఇది చదువు

నాయనా, ఆశీస్సులు.

కెనడా నుంచి రెండు ఆఫర్ లెటర్లు వచ్చాయని మీ అమ్మ చెప్పింది. ఒకటి రెండేళ్ళ బిజినెస్ డిప్లొమా, ఇంకోటి ఒంటారియోలో మాస్టర్స్. ఏది తీసుకోవాలి, అక్కడ మనవాళ్ళ మీద కోపంగా ఉన్నారంట నిజమేనా అని అడిగావు. ఫోన్‌లో తేలే మాట కాదని ఇట్టా రాస్తున్నా. ముప్పై ఏళ్ళు ఒంగోలులో ఎకనామిక్స్ చెప్పినదాన్ని, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు చీమకుర్తి సంగతి. గెలాక్సీ గ్రానైట్ పని పెరిగాక ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి పనివాళ్ళు వచ్చారు. అక్కడ మనకున్న రెండు గదుల వాటా కోసం అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఐదుగురు కలిసి ఉంటే ఎంత అద్దైనా పంచుకుంటారు కదా, నేను అద్దె పెంచాను. అప్పటిదాకా ఉన్న మన ఊరి టైలర్ కుటుంబం కట్టలేక ఖాళీ చేసింది. పోతూ పోతూ ఆయన బీహార్ వాళ్ళని తిట్టాడు. అద్దె పెంచిన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బాగుండదు. ఆ పనివాళ్ళ వల్లే మూతపడబోయిన చిల్లరకొట్టు నిలబడింది, ఇడ్లీ బండి ఆమె సాయంత్రం రొట్టెలు కూడా చేయడం మొదలుపెట్టింది. లాభం నాకూ వాళ్ళకీ వచ్చింది, నష్టం టైలర్‌కి వచ్చింది. వలస వల్ల దేశానికి మంచా, చెడా అని ఎవరన్నా అడిగితే, దేశంలో ఎవరికి అని నేను తిరిగి అడుగుతాను.

కెనడాలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. 2023లో ఒక్క ఏడాదే అక్కడి జనాభా 12.7 లక్షలు పెరిగింది. అందులో 97 శాతానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళే. మనిషి ఒక్క రోజులో విమానం దిగుతాడు. ఇల్లు లేవాలంటే స్థలం, పర్మిషన్, మేస్త్రీలు, అప్పు అన్నీ కుదరాలి. ఆ అప్పు కూడా అప్పుడే బరువైంది. 2022 మార్చి నుంచి 2023 జూలై లోపల బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ రేటుని 0.25 శాతం నుంచి 5 శాతానికి తీసుకెళ్ళింది. ఇళ్ళ కొరత అంతకుముందు నుంచే ఉంది. అందుకని "మీరు రాబట్టే అద్దెలు పెరిగాయి" అని ఎవరన్నా అంటే వాదనకి దిగకు. అందులో కొంత నిజం ఉంది, చెప్పేవాడు మన టైలర్ లాంటివాడు కావచ్చు.

అక్కడి ప్రభుత్వం 2024 జనవరిలో స్టూడెంట్ పర్మిట్లకి పరిమితి పెట్టింది. 2025కి 5 లక్షలు అనుకున్న పీఆర్‌ల (శాశ్వత నివాస అనుమతుల) సంఖ్యని 3.95 లక్షలకి తగ్గించింది. కాబట్టి డిప్లొమా చేసి ఎలాగో సెటిలవుదామనే లెక్క పెట్టుకోవద్దు. 2024 నవంబర్ నుంచి అప్లై చేసే డిప్లొమా వాళ్ళకి, పనివాళ్ళ కొరత ఉన్న రంగాల జాబితాలో ఆ కోర్సు ఉంటేనే చదువయ్యాక వర్క్ పర్మిట్. మాస్టర్స్‌కి ఆ షరతు లేదు. మాస్టర్సే తీసుకో.

డబ్బు సంగతి. ఫీజు కాక ఏడాది ఖర్చుకి 22,895 కెనడా డాలర్లు పర్మిట్ కోసం చూపాలి, మన డబ్బుల్లో 14 లక్షలకు పైమాటే. కన్సల్టెన్సీ వాళ్ళు నెల రోజులకి వడ్డీకి తెచ్చి ఖాతాలో చూపిస్తామంటారు. వద్దు నాయనా. 2023 దాకా 10,000 డాలర్లే అడిగేవాళ్ళు, అది అక్కడి అద్దెలకి చాలదనే పెంచారు. నిజంగా చేతిలో ఉండాల్సిన డబ్బు అది. జీఐసీ, అంటే అక్కడి బ్యాంకులో ముందే వేసే డిపాజిట్, కట్టు, నెలనెలా నీకే తిరిగొస్తుంది. తక్కువపడితే చీమకుర్తి వాటా అమ్ముదాం, మీ అమ్మకి చెప్పాను.

గది చూసేటప్పుడు, బేస్‌మెంట్ అయితే బయటపడటానికి కిటికీ ఉందో లేదో ముందు చూడు. ఒంటారియోలో ఒక నెల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదు, డ్యామేజీ డిపాజిట్ అసలే అడగకూడదు. కానీ ఓనర్‌తో వంటిల్లో, బాత్‌రూమో పంచుకునే గదికి ఆ అద్దె చట్టం వర్తించదు. చవగ్గా ఉందని అలాంటి గదిలోనే దిగుతారు మన పిల్లలు.

క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ బయట పని వారానికి 24 గంటలే. క్యాష్ ఇస్తాం, రేటు కొంచెం తక్కువ అంటే ఒప్పుకోకు. కొత్తవాళ్ళు వస్తే అక్కడివాళ్ళ జీతాలు పడిపోతాయా అన్నది పాత వాదనే. 1980లో క్యూబా నుంచి లక్షా పాతిక వేల మంది అమెరికాకి వచ్చారు, అందులో దాదాపు సగం మంది మయామీలోనే ఆగారు. అక్కడి జీతాలు పెద్దగా పడిపోలేదని ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో రాశాడు, తర్వాత నోబెల్ కూడా అందుకున్నాడు. కాదు, చదువు తక్కువున్న వాళ్ళ జీతాలకి దెబ్బ తగిలిందని బోర్హాస్ అనే ఇంకో ఆర్థికవేత్త అన్నాడు. నేను ఇద్దరి మాటా పిల్లలకి చెప్పేదాన్ని. కొత్తగా వచ్చినవాడు కూడా తింటాడు, కొంటాడు, దాంతో పనులు పుడతాయి. కానీ కనీస వేతనానికి తక్కువలో నువ్వు చేసే ఒక్కో షిఫ్టూ అక్కడి పేద పిల్లవాడి షిఫ్టు, నాయనా.

గది అగ్రిమెంట్ చేతికొచ్చాక ఫొటో తీసి నాకు పంపు. సంతకం పెట్టకముందే పంపు. రాత్రి ఎంతైనా చదివి చెప్తాను.

పెద్దమ్మ